పదకొండింటికి తెల్లవారే దేశం

సంక్రాంతికి అల్లుణ్ణి అత్తవారింటికి పిలవడం మన ఆచారం. మా అత్తవారింట ఆ ముచ్చట తీర్చే పెద్దలు ఇప్పుడు లేరు. ఆ లోటు తీర్చాలనుకున్నాడు కాబోలు, లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది 2025 సంక్రాంతికి నన్నూ వాళ్ళ అక్కనూ తన దగ్గరికి పిలిపించాడు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది.

"బావగారూ! ఇక్కడ భోగిమంటలు వెయ్యనివ్వరు. అందుకని నిప్పు నేలలోంచే వచ్చే చోటికి తీసుకువెడతాను" అన్నాడు.

ఎక్కడికయ్యా అంటే ఐస్‌లాండు అన్నాడు. ఆ పేరులోనే మంచు ఉంది కదా నాయనా, జనవరి నెలలోనా, అన్నాను. ఆకాశంలో ధ్రువకాంతులు కనిపించేది చలికాలంలోనే నన్నాడు. టిక్కెట్లు చవకగా వచ్చేది కూడా చలికాలంలోనే నని తరువాత మా ఆవిడ చెప్పింది.

అయిదు రోజుల యాత్ర. ఒక బస్సు, ఒక డ్రైవరు, ఒక గైడు, పద్దెనిమిది మంది యాత్రికులము. వీసాల కోసం పడ్డ పాట్లు ఇక్కడ ఏకరువు పెట్టను. బ్రిటన్ వీసా ఐస్‌లాండుకు చెల్లదు, షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు. వచ్చిన చిక్కల్లా ప్రయాణం జనవరి 15న పడింది. ఆ రోజు కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదని కదా సామెత! మా ఆవిడ ససేమిరా అంది. డబ్బు తిరిగి ఇవ్వరని తమ్ముడు చెప్పిన మీదట, అరిసెల డబ్బా ఒకటి చంకన పెట్టుకుని అయిష్టంగానే బయలుదేరింది.

విమానం కెఫ్లావిక్‌లో దిగేసరికి ఉదయం తొమ్మిది దాటింది. బయట చూస్తే నిశిరాత్రి. గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ద్వారం దగ్గర పలక పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి. నిటారైన మనిషి. ఆవిడే మా గైడు. బడిలో పిల్లలకు తమ భాషా సాహిత్యాలు బోధించి రిటైరయిందట. నేను తెలుగు పంతుల్నని తెలిశాక మా ఇద్దరికీ వెంటనే స్నేహం కలిసింది. లోకంలో ఎక్కడికి పోయినా భాషా పంతుళ్ళ కష్టాలు ఒకటే.

"నన్ను పేరు పెట్టే పిలవండి" అంది. పెద్దావిడ కదా అని నేను సంకోచిస్తే, అక్కడ అందరూ అంతేనని చెప్పింది. వాళ్ళకు ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరు యోన్ అయితే కొడుకు యోన్‌సన్, కూతురు యోన్స్‌దోత్తిర్. పెళ్ళయినా ఆడపిల్ల పేరు మారదు. అందుచేత టెలిఫోను డైరెక్టరీ అచ్చువేసే రోజుల్లో అందులో కూడా సొంత పేర్ల వరసనే వేసేవారు. దేశాధ్యక్షుణ్ణయినా పేరుతోనే పిలుస్తారు. 1980లో, ప్రజలు ఓటు వేసి ఎన్నుకోగా అధ్యక్షురాలైన ప్రపంచపు తొలి మహిళ ఈ దేశంలోనే గెలిచింది. ఆమె పేరు విగ్దీస్ ఫిన్‌బోగాదోత్తిర్. అనగా ఫిన్‌బోగి కూతురు విగ్దీస్. అంతే. బళ్ళో పిల్లలు పంతులమ్మను కూడా పేరుతోనే పిలుస్తారట. మా కాలేజీ కుర్రాళ్ళకు ఈ సంగతి చెప్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

విమానాశ్రయం నుంచి రాజధాని రేక్యావిక్‌కు యాభై కిలోమీటర్లు. చీకటిలో రోడ్డుకు రెండు వైపులా ఏవో గుట్టలు గుట్టలుగా కనిపిస్తున్నాయి. దున్ని వదిలేసిన నల్లరేగడి చేలు అనుకున్నాను. అది చల్లారిన లావా అని గైడు చెప్పింది. ఆ దారికి దక్షిణాన గ్రిండావిక్ అనే రేవు పట్నం ఉంది. 2023 నవంబరు 10 రాత్రి అక్కడ నేల కంపించి వీధులు చీలుతూ ఉంటే, దాదాపు నాలుగు వేల మంది జనాన్ని ఆ ఒక్క రాత్రిలో ఖాళీ చేయించారు. ఒక్క ప్రాణం పోలేదు. తరువాత డిసెంబరులో నేల పగిలి నిప్పు లేచింది. 2024 జనవరిలో లావా ఊరి అంచుకు వచ్చి మూడిళ్ళను కాల్చింది. ఫిబ్రవరిలో వేడినీటి గొట్టాన్ని కాల్చేసరికి ఆ ద్వీపకల్పమంతా చలిలో వణికింది. మేము వెళ్ళేనాటికి అక్కడ ఏడుసార్లు నిప్పు లేచింది. 2025 జూలై నాటికి ఆ లెక్క తొమ్మిది అయింది.

"ఇంతలేసి భయం పెట్టుకుని వీళ్ళు ఇక్కడెలా ఉంటారండీ?" అంది మా ఆవిడ నా చెవిలో. నాకు అప్పటికి జవాబు తోచలేదు.

పదకొండు గంటలకు తెల్లవారింది. నిజమే, పదకొండింటికే! ఆ రోజుల్లో సాయంత్రం నాలుగుంబావు దాటేసరికి పొద్దుగుంకుతుంది. నడుమ ఉన్న అయిదుంబావు గంటలే పగలు. ఆ పగటి సూర్యుడు కూడా ఆకాశం మధ్యకు రాడు. మిట్టమధ్యాహ్నం చెయ్యి చాపి మూడువేళ్ళు అడ్డంగా పెడితే, క్షితిజానికీ సూర్యుడికీ మధ్య ఉన్న ఎత్తు అంతే. రోజల్లా సాయంకాలపు నీరెండే. మనుష్యుల నీడలు తాటిచెట్లంత సాగి ముందు నడుస్తాయి. అయితే రోజుకు అయిదారు నిమిషాలు చొప్పున పగలు పెరుగుతోందని గైడు చెప్పింది. ఆ అయిదు నిమిషాల లెక్క అక్కడ పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఉత్తరాయణ పుణ్యకాలమని మనం పంచాంగంలో చదువుకుంటాము గాని, అది ఒంటికి తెలియాలంటే ఆ దేశంలో జనవరి నెల గడపాలి.

రేక్యావిక్ అంటే పొగల రేవు అని అర్థం. క్రీస్తుశకం 870 ప్రాంతాల నార్వే నుంచి వచ్చిన ఇన్‌గోల్ఫుర్ ఆర్నార్సన్ అనేవాడు నేలలోంచి లేచే ఆవిరిని పొగ అనుకుని ఆ పేరు పెట్టాడంటారు. ఇప్పుడు ఆ వేడినీళ్ళే గొట్టాలలో ఊరంతా ప్రవహిస్తాయి. దేశంలో పదిళ్ళకు తొమ్మిదిళ్ళు వెచ్చబడేది భూమి కడుపులోని వేడితోనే. చలి సంగతి ఎంతో ఊహించుకుని వెళ్ళాను గాని, గదిలో మాత్రం బనీనుతో కూర్చోవచ్చు.

ఆ సుఖానికి ఒక వెల ఉంది. స్నానానికి వెళ్ళిన మా ఆవిడ ముక్కు మూసుకుని బయటికి వచ్చింది. నీళ్ళు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తున్నాయి. అది గంధకపు వాసన, ఒంటికి మంచిది, అని బావమరిది సర్దిచెప్పాడు. "మంచిదైతే నువ్వే పోసుకో. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టుకోలేదు, ఇప్పుడు దాంతో తలంటు పోసుకోమంటావురా?" అంది. రెండో రోజుకు ఆ వాసన సంగతి తానే మరిచిపోయింది. చీర సంగతి కూడా ఇలాగే అయింది. మొదటిరోజు గాలికి కుచ్చెళ్ళు నిలవక, రెండోరోజు తమ్ముడి పంట్లాము తొడిగింది. ఇరవై ఏళ్ళ కాపరంలో ఆ వేషం చూడడం నాకు అదే మొదలు. ఫోటో తియ్యబోతే చేసిన శపథం ఇక్కడ రాయరాదు.

రెండోరోజు థింగ్‌వెల్లిర్ చూశాము. అమెరికా, యూరపు ఖండాలను మోసే రెండు భూఫలకాలు ఇక్కడ ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు చొప్పున ఎడంగా జరుగుతున్నాయి. ఆ చీలికల లోయలోనే 930లో ఈ దేశప్రజల శాసనసభ మొదటిసారి కూడింది. 1944లో గణతంత్ర ప్రకటన జరిగింది కూడా ఇక్కడే. నన్ను ఆకట్టుకున్నది ఫలకాలు కాదు. ఆ రోజుల్లో చట్టాలు రాసి ఉండేవి కావు. వాటిని కంఠస్థం చేసినవాణ్ణి ఒకణ్ణి మూడేళ్ళకు ఎన్నుకునేవారు. అతడు ఏటా ఒక బండమీద నిలబడి చట్టంలో మూడోవంతు వినిపించేవాడు. మూడేళ్ళకు మొత్తం పూర్తి. మధ్యలో తప్పిపోతే వినేవాళ్ళు సరిదిద్దేవారట. మా గైడు ఈ సంగతి చెబుతూ ఉంటే మన ఘనాపాఠీల కథ చెప్పి బదులు తీర్చుకున్నాను. మంచులో నిలబడి ఇద్దరు పంతుళ్ళం ఈ కబుర్లలో పడితే మిగతా పదిహేడుగురూ బస్సెక్కి హారను కొట్టించారు.

భాష సంగతి వచ్చింది కనుక ఒక్కమాట. జనాభా నాలుగు లక్షల లోపు. మన ఒక జిల్లా కేంద్రమంత. అయినా బయటిమాట వస్తే దానికి తమ మాట పుట్టించుకుంటారు. టెలిఫోనును 'సీమి' అంటారు. పూర్వం దారానికి ఉన్న పేరట అది. కంప్యూటరుకు 1960లలో 'తోల్వా' అని పెట్టారు. అంకె అనే మాటనూ, సోదె చెప్పే స్త్రీ అనే మాటనూ కలిపి చేసినది. అంకెల ఎరుకలసాని అన్నమాట! మనమూ దూరవాణి, గణకయంత్రం అని పెట్టుకున్నాము. వాటిని పాఠ్యపుస్తకంలో భద్రంగా పడుకోబెట్టాము. వాళ్ళు వాడుకుంటున్నారు. తేడా అంతే.

ఆ మధ్యాహ్నం గేసిర్ చూశాము. ప్రపంచంలో వేడినీటి బుగ్గలన్నిటికీ ఇంగ్లీషులో పేరిచ్చింది ఈ గేసిరే. పాపం ఆ పెద్దాయన ఇప్పుడు చాలాకాలంగా నిద్రలో ఉన్నాడు. పక్కనే ఉన్న శిష్యుడు స్త్రోక్కుర్ ఆరు నుంచి పది నిమిషాలకొకసారి పదిహేను ఇరవై మీటర్ల ఎత్తుకు ఎగసి ఉద్యోగం నడుపుతున్నాడు. రిటైరయిన ప్రొఫెసరుగార్లు ఈ సంగతి మనసుకు పట్టించుకోవద్దు. తరువాత గుల్‌ఫోస్ జలపాతం. సగం గడ్డకట్టి సగం దూకుతూ ఉంది. దానికి ఆనకట్ట కడితే అందులోనే దూకుతానని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో బెదిరించిన సిగ్రీదుర్ అనే రైతుబిడ్డకు అక్కడ స్మారకశిల ఉంది.

మూడోరోజు దక్షిణ తీరం. దారిలో ఏయాఫ్యాత్లయోకుల్ కింద నుంచి వెళ్ళాము. 2010 ఏప్రిల్‌లో బూడిద చిమ్మి యూరపు విమానాలను ఆరు రోజులపాటు నేలకు దింపినది ఈ కొండే. వార్తలు చదివేవాళ్ళ నాలుకలకు మడతలు పెట్టింది కూడా ఇదే. స్కోగాఫోస్ అనే మరో జలపాతం చూసి, రెండు గంటల వేళకు రేనిస్‌ఫ్యారా అనే నల్లఇసుక బీచికి చేరాము.

ఇక్కడ జరిగింది దాచకుండా చెబుతాను.

బస్సు దిగకముందే గైడు అందరినీ కూర్చోబెట్టి, "సముద్రానికి వీపు చూపకండి" అని మూడుసార్లు చెప్పింది. ఇక్కడి అలలు వరస పాటించవు. పది చిన్నవి వచ్చాక ఒకటి ముప్ఫై నలభై అడుగుల దూరం అదనంగా ఎక్కివస్తుంది. వెనక్కి పోతూ కాళ్ళకింది ఇసుకతో సహా మనిషిని లాక్కుపోతుంది. అలా పోయిన యాత్రికులున్నారు. అందుకనే 2022లో దారి మొదట్లో దీపాలు పెట్టారు. ఎర్రదీపం వెలిగితే ఇసుకమీదికి దిగకూడదు. ఆ రోజు పసుపుదీపం వెలుగుతోంది.

నాది దివిసీమ. సముద్రం సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. నల్లని ఇసుక, అచ్చు చెక్కి నిలబెట్టినట్టు ఆరుపలకల రాతిస్తంభాల గోడ, నీళ్ళలో నిటారుగా రాతికొమ్ములు. ఆ కొమ్ములు ఓడను లాక్కువస్తూ తెల్లవారిపోయి రాయైపోయిన రాకాసులట. "మన రాకాసులూ నిశాచరులేగా!" అని మా ఆవిడ సంబరపడింది. ఆ రాకాసుల ముందు ఆమెను నిలబెట్టి ఫోటో తియ్యాలని బుద్ధి పుట్టింది. ఆమె ఇసుక ఎగువన ఉంది. కొమ్ములూ ఆమే కలిసి పడడానికి నేను పక్కకూ, వెనక్కూ జరిగాను. ఒక్కొక్క అడుగే. వీపు ఎటు ఉందో చూసుకోలేదు.

మా ఆవిడ ముఖం మారడం ఫోనులో కనబడింది. ఆమె అరిచిందో లేదో, గాలికి వినబడలేదు. చప్పుడు మాత్రం విన్నాను. బండెడు కంకర ఒక్కసారి గుమ్మరించిన చప్పుడు. మోకాళ్ళ దాకా నీళ్ళు. ఆ నీళ్ళు వెనక్కి మళ్ళేటప్పుడు నా బూట్ల కింద నేల లేదు. ముందుకు బోర్లా పడ్డాను. గోళ్ళతో ఇసుకను పట్టుకుంటే అది నాతోబాటు జారుతోంది. అంతలో ఎవరో నా కోటు మెడపట్టి ఈడ్చారు. మా బస్సులో ఇద్దరు మలయాళ నర్సులుండేవారు. వాళ్ళలో పొట్టిపిల్ల. ఇంకో చేత్తో రెండో అమ్మాయిని పట్టుకుంది. ఆ రెండో అమ్మాయిని మా గైడు పట్టుకుంది. ఇదంతా పది సెకన్లు పట్టి ఉంటుంది.

గైడు నన్ను ఒక్కమాట అనలేదు. బస్సులో పెట్టెలోంచి పొడి మేజోళ్ళు తీసి ఇచ్చింది. అవి ఎప్పుడూ రెండు జతలు ఉంచుతుందట. మా ఆవిడ మాత్రం వీక్ గ్రామం చేరేదాకా మాట్లాడలేదు. చేరాక, "కనుమనాడు కదలవద్దంటే విన్నారా?" అని ఒక్కటే అంది. అని, గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

వీక్ చిన్న ఊరు. గుట్టమీద ఎర్రకప్పు చర్చి ఒకటి ఉంది. ఊరి వెనుక హిమానీనదం, దాని కింద కాత్లా అనే అగ్నిపర్వతం. అది చివరిసారి పెద్దగా పేలింది 1918లో. పేలితే పైనున్న మంచు కరిగి ముంచెత్తుతుంది. ఆ వరద అందని చోటు చర్చి గుట్ట. అందుకని ఊళ్ళోవాళ్ళు గుట్ట ఎక్కడం వాడుక చేసుకుంటూ ఉంటారు. మా దివిసీమలో ఇప్పుడున్న తుపాను షెల్టర్లు జ్ఞాపకం వచ్చాయి.

నాలుగోరోజు యాత్రలోకల్లా ముఖ్యమైనది. వీక్‌కు తూర్పుగా దాదాపు రెండువందల కిలోమీటర్ల దూరాన యోకుల్సార్లోన్ అనే మంచుగడ్డల సరస్సు. బావమరిది టిక్కెట్టు కొన్నది దానికోసమే. సింగపూరు నుంచి వచ్చిన కుర్రవాడొకడు రెండు కెమేరాలు మోసుకు వచ్చింది కూడా దానికోసమే. పొద్దున్నే ఫలహారాల దగ్గర గైడు, తుపాను వస్తోంది, రోడ్డు మూసేశారు, ఇవాళ కదలడం లేదు, అని చెప్పింది.

కిటికీలోంచి చూస్తే గాలి ఉంది గాని ఆకాశం శుభ్రంగానే ఉంది. గోల మొదలైంది. ఇంత డబ్బు పోసి గదిలో కూర్చోవడానికా వచ్చాము, కాస్త దూరమైనా వెళ్ళి చూడవచ్చు కదా, డ్రైవరు పాతకాపు కదా, అని తలో మాట. అందరికంటె గట్టిగా మాట్లాడినది మా బావమరిదేనని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అద్దెకారు తీసుకుని తామే వెడతామని సింగపూరు కుర్రవాడు లేచాడు.

గైడు కాఫీ గిన్నె కింద పెట్టింది. "ఆ ఇసుకమైదానంలో ఈ గాలికి కారు రంగు లేచిపోతుంది. తలుపు తెరిస్తే తలుపు చేతికి వస్తుంది. మీరు దారిలో చిక్కుకుంటే ఎవరు వస్తారో తెలుసా? ఈ దేశంలో వెతికి తెచ్చేవాళ్ళకు జీతం లేదు. అందరూ వలంటీర్లే. కొత్త సంవత్సరానికి టపాకాయలు అమ్మి బండ్లకు డబ్బు కూర్చుకుంటారు. ఈ జిల్లాలో నా కొడుకు ఆ దళంలో ఉన్నాడు. పగలు వడ్రంగం పని చేస్తాడు. మీరు వెడితే రాత్రి వాడు మంచం మీంచి లేవాలి" అంది.

కోపంగా అనలేదు. రైలు వేళలు చెప్పినట్టు చెప్పింది. సింగపూరు కుర్రవాడు కూర్చున్నాడు. నా కళ్ళు నా కాళ్ళకున్న ఆవిడ మేజోళ్ళమీద పడ్డాయి.

పన్నెండింటికి వచ్చింది తుపాను. దాన్ని వర్ణించే పాండిత్యం నాకు లేదు. కిటికీ బయట ఉన్న బస్సు కనబడలేదు. అంత చెప్పగలను. అప్పుడు మా ఆవిడ లేచి అరిసెల డబ్బా మూత తీసింది. పద్దెనిమిది మందికీ, డ్రైవరుకూ, గైడుకూ పంచింది. మలయాళ పిల్లకు రెండు ఇచ్చింది. బియ్యప్పిండీ బెల్లమూ అంటే ఇంగ్లీషు దంపతులకు నమ్మకం కుదరలేదు గాని, ముక్క మాత్రం మిగల్చలేదు.

ఆ రోజు వెళ్ళలేకపోయిన రోడ్డుమీద, డెబ్భై కిలోమీటర్ల అవతల, కిర్క్యుబాయర్‌క్లౌస్తుర్ అని ఒక ఊరుంది. దాని కథ గైడు చెప్పింది. 1783 జూన్ 8న ఆ ఊరికి ఎగువన లాకి అనేచోట నేల ఇరవై ఏడు కిలోమీటర్ల పొడవున నెర్రెలిచ్చి, సుమారు నూటముప్ఫై బిలాల్లోంచి ఎనిమిది నెలలు లావా కక్కింది. జూలై 20న అది ఊరి మీదికి వస్తూ ఉంటే, యోన్ స్టేన్‌గ్రిమ్‌సన్ అనే మతాచార్యుడు జనాన్ని చర్చిలోకి పిలిచి ప్రార్థన జరిపాడు. చివరిదనుకున్న ప్రార్థన. బయటికి వచ్చి చూస్తే లావా ఆగిపోయి ఉంది. నిప్పు ఆగింది గాని విషం ఆగలేదు. గడ్డిమీద విషపు బూడిద రాలి పశువులు చచ్చాయి. గొర్రెలైతే అయిదింట నాలుగు వంతులు పోయాయి. కరువులో దేశప్రజల్లో అయిదోవంతు పోయారు. ఆ పొగవల్ల ఆ ఏడు మన దేశంలో వానగాలులు కూడా బలహీనపడ్డాయని ఈనాటి శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టారు.

ఆమె ముగించాక అందరూ నావైపు చూశారు. ఎందుకు చూశారో తెలియదు. బహుశా ముందురోజు సముద్రం నన్నే పిలిచింది కనుక కాబోలు. నేను 1977 నవంబరు 19 సంగతి చెప్పాను. అప్పటికి నేను పుట్టలేదు. మా నాన్న చెప్పగా విన్నది. గాలివాన వస్తుందని తెలుసట, సముద్రమే ఇంటికి వస్తుందని తెలియదట. ఆ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. వాళ్ళల్లో మా మేనత్త ఒకతె. పదకొండేళ్ళ పిల్ల. మా నాన్న తాడిచెట్టును కావలించుకుని బతికాడు. ఒక చెయ్యి చెట్టుకూ, ఒక చెయ్యి చెల్లెలికీ. ఏ చెయ్యి జారిందో ఆయన ఎన్నడూ నోటితో చెప్పలేదు.

ఇంగ్లీషులో ఇంతవరకు ఎలా చెప్పుకొచ్చానో నాకే తెలియదు. ఆ పైన మాట రాలేదు. మా ఆవిడకు కూడా ఆ చెట్టు సంగతి అంతకుముందు తెలియదు. బావమరిది లేచి వెళ్ళి గైడుకు కాఫీ పోసుకొచ్చి ఇచ్చాడు. క్షమాపణ చెప్పినట్టే అనుకుంటాను.

కాఫీమీద ఆవిడకు సొంత ఊరు గుర్తొచ్చింది. ఈసాఫ్యోర్దుర్ అనే వాయవ్యపు రేవు. చుట్టూ కొండలు. నవంబరు చివర కొండచాటుకు పోయిన సూర్యుడు మళ్ళీ ఊళ్ళోకి తొంగిచూసేది జనవరి 25 ప్రాంతాల. అక్కడ సూర్యవీధి అని ఒక వీధి ఉంది. అందులో మొదటి కిరణం పడిననాడు ఇంటింటా పల్చని అట్లు పోసి కాఫీ కాస్తారు. దాన్ని సూర్యుడి కాఫీ అంటారట. ఊరు విడిచి రాజధానిలో స్థిరపడినవాళ్ళు కూడా ఈ ఆనవాయితీ మానలేదు.

"మాకు రథసప్తమి ఉంది" అని మా ఆవిడ అందుకుంది. పిడకల మంటమీద పాలు పొంగించడం, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం, తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చెయ్యడం అన్నీ చేతులు తిప్పి చెప్పింది. ఇంగ్లీషు కాలేజీలో చదివిన నేను అంత బాగా చెప్పలేను. సూర్యుడు ఏడాది పొడుగునా ఉన్న దేశంలో కూడా పండగా అని గైడు ఆశ్చర్యపోయింది. "ఉన్నాడని మరిచిపోతాం కదండీ, అందుకు" అంది మా ఆవిడ.

రాత్రి ఒంటిగంటకు తలుపు టకటక కొట్టారు. తుపాను వెళ్ళిపోయింది, బయటికి రండి, అని. బూట్ల కింద ఇనుపముళ్ళ పట్టీలు బిగించుకుని చర్చి గుట్ట ఎక్కాము. ఇక్కడ నిజం చెప్పాలి. రంగురంగుల పటాలు చూసి ఏదో ఊహించుకున్నాను. కనబడింది మాత్రం పాలపుంతకు చుట్టం లాంటి ఒక బూడిదరంగు చార. మేఘమనుకున్నాను. సింగపూరు కుర్రవాడు తన కెమేరా చూపిస్తే అందులో అదే చార చిలకాకుపచ్చగా ఉంది. మసకవెలుతురులో మన కంటికి రంగు సరిగా తెలియదట, కెమేరాకు తెలుస్తుందట. సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్కణాలు నూరు కిలోమీటర్ల ఎత్తున గాలిలోని ఆక్సిజన్‌ను తాకితే ఆ పచ్చదనం పుడుతుంది. ఇదా అని నీరసపడి దిగబోతూ ఉంటే ఆ చార కదిలింది. తెర ఒకటి ఎవరో పట్టి విదిలించినట్టు మడతలు పడి, లేతపచ్చ రంగు నా ముసలి కళ్ళకు కూడా తెలిసింది. అయిదు నిమిషాలు. బావమరిది ఫోను జేబులోంచి తియ్యడం మరిచిపోయాడు. ఇంత దూరం వచ్చి, ఇంత చీకటిలో నిలబడితే, ఇది కూడా సూర్యుడి పనే!

మర్నాడు వెనుదిరిగాము. పదకొండు అవుతుండగా డ్రైవరు చెప్పకుండానే బస్సు ఆపాడు. మంచు మైదానం అంచున సూర్యుడు లేస్తున్నాడు. గైడు ఏమీ వివరించలేదు. కిటికీకి ముఖం ఆనించి కళ్ళు మూసుకు కూర్చుంది. మేమందరమూ అలాగే కూర్చున్నాము. మంచుగడ్డల సరస్సు చూడలేదని ఎవరూ అనలేదు.

ఆ ఏడు రథసప్తమి ఫిబ్రవరి 4న వచ్చింది. అప్పటికి ఇంటికి చేరాము. మా ఆవిడ పెరట్లో పిడకలు రాజేసి పాలు పొంగించి, చిక్కుడాకుల మీద పరమాన్నం పెట్టి, ఆ ఫోటో గైడుకు పంపింది. వెనుక ఎండ కళ్ళు జిగేలుమనేటట్లు ఉంది. రెండు గంటలకు జవాబు వచ్చింది.

"మాకు 25న మబ్బు పట్టింది. సూర్యుడు రాలేదు. కాఫీ మాత్రం తాగాము. అట్లు కూడా పోశాను. మీ ఆయన మేజోళ్ళు తిరిగి ఇవ్వలేదు, ఉంచుకోమనండి."